అప్‌డేట్: స్టీరింగ్ వణుకు తగ్గింది

నా 1971 మోడల్ అమెరికన్ పికప్ స్టీరింగ్ చేతులు తిమ్మిరెక్కేలా వణుకుతోందని, రాగ్ జాయింటే (స్టీరింగ్ షాఫ్ట్‌ను స్టీరింగ్ బాక్స్‌కు కలిపే, రబ్బరు బిళ్ల ఉన్న జాయింట్) మళ్లీ వేయాలా, యూ-జాయింట్‌కు (షాఫ్ట్‌లు వంపులో కలిసినా తిరగనిచ్చే లోహపు జాయింట్) మారాలా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. విప్పి చూస్తే పాత జాయింట్‌లోని రబ్బరు బిళ్ల పగిలి పీచులు తేలింది. చాలా భయమేసింది.

స్టీరింగ్ బాక్స్ (చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) వైపు లోపల రబ్బరు పొర ఉన్న యూ-జాయింట్, కాలమ్ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి వచ్చే భాగం) వైపు మామూలు స్టీల్‌ది వేశాను. రెండూ రబ్బరువే అయితే స్టీరింగ్ పట్టు తగ్గి మెత్తబడుతుందన్న మీ సలహా పాటించాను. జాయింట్ దగ్గర షాఫ్ట్ వంగే కోణం 30 డిగ్రీల లోపే కాబట్టి డబుల్ జాయింట్ (రెండు యూ-జాయింట్లు కలిపి చేసినది) అక్కర్లేదు. మొదట షాఫ్ట్‌కు రెండు చివర్లా ఉన్న యోక్‌లను (జాయింట్‌లోని ఫోర్క్ ఆకారపు ముక్కలు) ఒకే వరసలో పెట్టలేదు. తిప్పుతుంటే ఒకచోట బిగుసుకుంది, విప్పి సరిచేశాను. జాయింట్లు ఆర్డర్ చేసే ముందు స్ప్లైన్లు (షాఫ్ట్ చివర చుట్టూ ఉండే పళ్లు) తప్పక లెక్కపెట్టుకోండి.

ఇంజన్ వణుకు ఇప్పుడు చేతికి దాదాపు తెలియడం లేదు. అందరికీ థాంక్స్!