పెస్టో మూడుసార్లూ చేదుగా, నల్లగా వచ్చింది. దయచేసి ఎవరైనా చెప్పండి

బరంపురం కోడలు:
మధ్యాహ్నం మూడింటి నుంచి వంటింట్లోనే ఉన్నాను. ఇప్పుడు రాత్రి ఏడున్నర. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పారబోశాను. అమ్మాయి రేపు పొద్దున హాస్టల్ నుంచి వస్తోంది. పాస్తాలో పెస్టో (బేసిల్ ఆకుతో చేసే ఇటలీ పచ్చడి) కలిపి పెట్టమని వారం రోజులుగా అడుగుతోంది. బేసిల్ ఆకు, జీడిపప్పు, వెల్లుల్లి, చీజ్, నూనె, ఉప్పు అన్నీ కొలత ప్రకారమే వేశాను. తిప్పుతున్నప్పుడు పచ్చగానే ఉంది, గిన్నెలోకి తీసేసరికి ఎండిన గోరింటాకు ముద్దలా తయారైంది. నోట్లో పెడితే చేదు, ఆ వెనకే ముక్కుకెక్కే ఘాటు. కుండీలో ఇంకో రెండు గుప్పెళ్ళ ఆకు మాత్రమే మిగిలింది. దాన్ని కూడా పాడుచేసుకోలేను.

జయపురం తమ్ముడు:
ఏ నూనె?

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, ముందు మొక్క సంగతి తేల్చుకోవాలి. బేసిల్ అంటే మనకు తెలియని విదేశీ మొక్క ఏమీ కాదు. మన పెద్దలు రుద్రజడ అన్నది దీన్నే. శాస్త్రనామం ఆసిమమ్ బాసిలికమ్. కోటలో పెట్టి పూజించే తులసి వేరు, అది ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్. దాని ఆకులో లవంగానికి ఘాటునిచ్చే యూజెనాల్ ఎక్కువ. మీరు కోసింది తులసి అయితే ఆ ఘాటు వచ్చి తీరుతుంది. మంచి తెలుగు పేరు ఉండగా దాన్ని వదిలేయడం వల్లనే ఇలాంటి పొరపాట్లు జరుగుతున్నాయి.

సిరోంచ నుంచి:
మాస్టారూ, మా గోదావరి ఒడ్డున దీన్ని సబ్జా అనే అంటారు, మరాఠీవాళ్ళూ అదే అంటారు. రుద్రజడ అని అడిగితే ఇక్కడి నర్సరీలో ఎవరూ ఇవ్వరు.

పర్లాకిమిడి మాస్టారు:
సబ్జా గింజ పేరు, షర్బత్‌లో నానబెట్టేది. ఆకుకు ఆ పేరు చెల్లదు.

సిరోంచ నుంచి:
గింజ ఏ మొక్కదైతే ఆకూ ఆ మొక్కదే కదా! పేరు ఎలా ఉన్నా అక్కకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. గింజల కోసం మనవాళ్ళు పెంచే రకం ఆకులో సోంపు వాసన ముందుకొస్తుంది. పెస్టోకు వాడే ఇటలీ జెనోవా రకం ఆకు మెత్తగా, గిన్నెలా వంగి ఉంటుంది, ఘాటు తక్కువ. ఏదైనా సరే, వెన్ను వేసి పూత పట్టిన కొమ్మల ఆకు చేదెక్కుతుంది. అక్కా, మీ మొక్క పూసిందా?

రాయగడ రోలు:
అసలు మాట ఎవరూ అనడం లేదు. పెస్టో అన్న పేరే దంచడం నుంచి వచ్చింది. ఇటలీలోని జెనోవాలో పాలరాతి రోట్లో చెక్క రోకలితో నూరుతారు. అలా రోట్లో నూరేవాళ్ళకు 2007 నుంచి ప్రపంచ పోటీలే పెడుతున్నారు. మిక్సీ బ్లేడు ఆకును కోసి వేడెక్కిస్తుంది, రోలు ఆకును చిదిపి రసం తీస్తుంది. మన గోంగూర పచ్చడి విషయంలో అందరూ ఒప్పుకునే ఈ తేడా ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు? ముందు వెల్లుల్లి, కల్లుప్పు మెత్తగా నూరాలి. తర్వాత జీడిపప్పు. ఆపైన ఆకు కొద్దికొద్దిగా వేసి, దంచకుండా, పచ్చడిబండను రోటి గోడకు ఆనించి గుండ్రంగా తిప్పాలి. చీజ్, నూనె చివర్లోనే. పలాస జీడిపప్పు మీకు రైలు దూరమే, చిల్గోజా (పైన్ గింజలు) కోసం డబ్బు పోయనక్కర్లేదు.

బరంపురం కోడలు:
మిక్సీలోనే వేశాను, ఒక్కోసారి ఐదు నిమిషాలు. ఆకు నిన్న సాయంత్రమే కోసి, కడిగి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. అవును, రెండు కొమ్మలకు తెల్ల పూలు ఉన్నాయి. పూజ చేసే తులసి నేనెందుకు కోస్తాను మాస్టారూ? నర్సరీలో బేసిల్ అనే ఇచ్చారు. నూనె ఇంట్లో రోజూ వాడేదే.

జయపురం తమ్ముడు:
రోజూ వాడేది ఏది?

బరంపురం కోడలు:
ఆవనూనె. అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో అదే. చేపల పులుసుకైనా వంకాయ వేపుడుకైనా అదే పోస్తాం.

జయపురం తమ్ముడు:
అదే తప్పు. వేపుడుకు దాన్ని పొగ వచ్చేదాకా కాచి వాడతారు. పెస్టోలో పచ్చిగా పడింది. ఘాటు అక్కడిదే. ఆలివ్ నూనె లేకపోతే వాసన లేని వేరుశనగ నూనె పోయండి. ఆలివ్ అయితే మిక్సీలో తిప్పకండి, అదీ చేదెక్కుతుంది. చేత్తో కలపండి.

బల్లార్షా నర్సు:
ఫ్రిజ్ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఆకుకు చలి పడదు, ఫ్రిజ్‌లో మచ్చలుపడి నల్లబడుతుంది. కొమ్మలను నీళ్ళ గ్లాసులో నిలబెట్టి బయటే ఉంచాలి. నల్లబడకుండా చూడాలంటే మరిగే నీళ్ళలో పది సెకన్లు ముంచి వెంటనే ఐసునీళ్ళలో వేయండి. ఆకు చిదిగినప్పుడు గాలి తగిలి రంగు మార్చే ఎంజైము ఆ వేడికి పనిచేయడం మానేస్తుంది. ఆకులో తడి మిగలకుండా గుడ్డతో అద్దాలి.

ఇంకొకటి, ఇది నేను గట్టిగా చెబుతాను. పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగి బయట రోజుల తరబడి ఉంటే బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. రుచిలో, వాసనలో అది తెలియదు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయండి, లేదా ఐసు ట్రేలో గడ్డకట్టించండి. ఆవకాయలా జాడీలో పెట్టి అలమరలో దాచవద్దు.

రాయగడ రోలు:
వేడినీళ్ళలో ముంచితే సగం సువాసన నీళ్ళపాలు. జెనోవాలో అలా చేయరు.

బల్లార్షా నర్సు:
రంగు కావాలంటే కొంత వాసన వదులుకోవాలి అన్నా. నేను చేసి చూసే చెబుతున్నాను.

పర్లాకిమిడి మాస్టారు:
రుద్రజడకు భూతులసి అనే పేరు కూడా ఉంది. ఆ మాటైనా వాడవచ్చు.

జయపురం తమ్ముడు:
చీజ్ ఏది వేశారు? ముక్కలుగా అమ్మే ప్రాసెస్డ్ చీజ్ అయితే జిగురుగా సాగుతుంది.

బరంపురం కోడలు:
పదిన్నర అయింది. కుండీలో మిగిలిన ఆకులో లేతవే ఏరి, పూల కొమ్మలు వదిలేసి, పక్కింటివాళ్ళ వేరుశనగ నూనెతో రోట్లో నూరాను. ఘాటు అసలు లేదు. రోటి అంచున పచ్చరంగు అలాగే నిలిచింది. చేదు మాత్రం నాలుక చివర ఇంకా కొంచెం తగులుతోంది. గిన్నె మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. అందరికీ ధన్యవాదాలు, ఇక పడుకుంటాను.

సిరోంచ నుంచి:
అక్కా, ఆ మొక్క కాడ పచ్చగా ఉందా, ఊదారంగులో ఉందా? ఆకు నలిపితే సోంపు వాసన వస్తోందా? పొద్దున చూసి చెప్పండి.