లేత పచ్చ అంటే ఏ పచ్చ?

పెద్దలకి ఒక డౌటు. బెడ్రూమ్‌కి రెండు షేడ్లు అనుకున్నాం, ఒకటి గంధం కన్నా కాస్త పసుపు ఎక్కువున్నది, రెండోది పిస్తా. మా అమ్మ మొదటిదాన్ని పట్టుకుని "ఆ లేత పచ్చ వేయించరా" అంటది, మేస్త్రీ లేత పచ్చ అంటే పిస్తానే అనుకుని అది కలిపించడానికి బయల్దేరాడు, గేటు దగ్గర ఆపాను. అసలు పచ్చ అంటే పసుపా, ఆకుపచ్చా?

– రెండూనండి. పచ్చకామెర్లలో పసుపు, ఉంగరంలో పొదిగే పచ్చ ఆకుపచ్చ. పచ్చజెండా ఊపారంటే గ్రీన్, అదే ఎలక్షన్లప్పుడు పచ్చ జెండాలంటే పసుపు. పసుపు, పసరు, పచ్చి, పచ్చిక అన్నీ ఒక్క వేరులోవే, తమిళంలో పచ్చై, కన్నడంలో హసిరు ఆకుపచ్చ దగ్గరే ఆగిపోయాయి, మనకే రెండువైపులా పాకింది. అందుకే ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ అని ముందో మాట తగిలిస్తాం. అమ్మగారు తప్పేం అనలేదు, పిల్ల పచ్చగా దబ్బపండులా ఉందంటే ఆకుపచ్చ పిల్ల అనుకోం కదా 😀

– మాట సంగతి పక్కన పెట్టు అన్నా, ఏ లైటు కింద చూసినవ్? 3000 కెల్విన్ వార్మ్ బల్బు పెడితే పిస్తా కూడా పసుపు దిక్కే గుంజుతది, 6500 తెల్ల లైటు కింద గంధం పాలిపోయినట్టు కనిపిస్తది. కార్డు మీద గోరంత ముక్క చూసి డిసైడ్ చేయకు, గోడ మీద రెండడుగుల పట్టీ రెండు కోట్లు వేయించి పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి చూడు. మిషన్ల కలిపినంక షాపోళ్ళు వాపసు తీసుకోరు. కిటికీ ముంగట చెట్టుందా?

పడమటి కిటికీ, ఎదురుగా పెద్ద బాదం చెట్టు.

– ఇంకేంది, చెట్టు మీది వెలుగు పడి పిస్తా ఇంకింత ఆకుపచ్చగైతది, నాకైతే హాస్పిటల్ గోడ యాదికొస్తది. అమ్మ చెప్పిందే వెయ్యి.

సరే, అమ్మ పచ్చే ఫిక్స్. మేస్త్రీకి రంగు పేరు చెప్పకుండా షేడ్ నంబరు చీటీ రాసిచ్చా.

– అది సరే గానీ, "పచ్చని సంసారం"లో పచ్చ ఏదంటారు?

– చెట్టు పచ్చే. ఎండిపోకుండా ఉండడం.

– మా నాయనమ్మ పసుపుకుంకుమల పసుపే అంటుంది, వాదించి చూడండి ఆవిడతో.