పక్కింటి ముస్లిం ఆంటీతో దేవుడి గురించి ఎలా మాట్లాడాలి?

నరసాపురం నుంచి: మేం చర్చికెళ్తాం, పక్కింట్లో ముస్లిం ఆంటీ, సాయంత్రమైతే అరుగు మీద పులస రేటు దగ్గర్నుంచి పిల్లల ఫీజుల దాకా అన్నీ మాట్లాడుకుంటాం కానీ దేవుడి మాట వస్తే ఇద్దరం ఆగిపోతాం, నాకేమో నిజంగా వినాలనుంది, ఎక్కడ మొదలెట్టాలండీ?

రాజోలు నుంచి: యేసు తల్లి మరియమ్మ దగ్గర మొదలెట్టండి. ఖురాన్‌లో 19వ సూరా, అంటే అధ్యాయం, ఆవిడ పేరుతోనే ఉంది, అదీ బైబిల్లో లూకా సువార్త 1వ అధ్యాయంలాగే ముసలి జకర్యాకి కొడుకు పుడతాడన్న కబురు ముందు చెప్పి తర్వాతే మరియమ్మ దగ్గరికి వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, చాలా బాగుంటుంది.

భీమవరం నుంచి: మేం ముస్లింలమండీ. ఈసా అలైహిస్సలాం, అంటే మీ యేసు, మాకూ ప్రవక్తే, కన్యకు పుట్టారనీ మళ్ళీ వస్తారనీ నమ్ముతాం. దేవుడి కుమారుడు అన్నదీ సిలువ మరణమూ మాత్రం ఒప్పుకోం, అది దాచకుండా చెప్పుకుంటేనే మంచిది.

నరసాపురం నుంచి: థాంక్సండీ ఇద్దరికీ. రేపు లూకా పట్టుకెళ్తా, రంజాన్ ఉపవాసం గురించీ అడుగుతా.