పాత తత్వశాస్త్రం మీద వ్యాసం: అందరూ చదవాలంటే రచయితే రెండు లక్షలు కట్టాలా?

వంశధార (పర్లాకిమిడి):
ఇక్కడో డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెబుతాను. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి గ్రంథం విగ్రహవ్యావర్తని మీద రాసిన వ్యాసాన్ని ఒక విదేశీ జర్నల్ ఒప్పుకుంది. సంతోషమే, కానీ ఇప్పుడు రెండు దారులు చూపిస్తున్నారు. ఏమీ కట్టకపోతే అచ్చవుతుంది గాని చందా కట్టిన లైబ్రరీల వాళ్లకే కనిపిస్తుంది. ఎవరైనా ఉచితంగా చదవాలంటే నేను ఫీజు కట్టాలి, మన డబ్బుల్లో రెండు లక్షలు దాటుతోంది. స్టాఫ్‌రూమ్‌లో "అప్పు చేసైనా కట్టండి మేడమ్, పదిమంది చదివితేనే పేరు" అంటున్నారు. నాకు కట్టాలని లేదు. డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, ఇది అలవాటైతే రేపు రాయబోయే పిల్లల గతేమిటని. మీరేమంటారు?

సిల్క్‌సిటీ (బరంపురం):
కట్టకండి, అవసరమే లేదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, జర్నళ్ల చందా అందరి తరఫునా కేంద్రమే కట్టే పథకం. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దగ్గర దగ్గర 13,000 జర్నళ్లు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, స్ప్రింగర్ అందులో ఉన్నాయి. స్టూడెంట్లకు ఎలాగూ దొరుకుతుంది, ఇంక టెన్షన్ దేనికి?

గుణుపురం మాష్టారు:
బాబూ, ఆ లాగిన్ ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకు. నేను రిటైరై కూర్చున్నాను, నాకెవరిస్తారు? ప్రైవేటు కాలేజీలో పదిహేను వేలకు పాఠం చెప్పేవాడికెవరిస్తారు? ఆ 6,000 కోట్లతో తాళం తీయలేదు, కొన్ని తాళంచెవులు కొని పంచారంతే.

మన పక్కనే ఉన్న విజయనగరం సంగతి చూడండి. అక్కడి మహారాజు పోషణతో కాశీలో విజయనగర సంస్కృత గ్రంథమాల నడిచింది. 1895లో జయంత భట్టు న్యాయమంజరి, శ్రీధరుడి న్యాయకందళి అనే పాత దర్శన గ్రంథాలు అందులోనే అచ్చయ్యాయి. న్యాయమంజరిని పరిష్కరించినాయన గంగాధర శాస్త్రి తైలంగ్, పేరు చూస్తేనే మనవాళ్లని తెలుస్తుంది. ఆ స్కాన్లు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా దించుకోవచ్చు. 130 ఏళ్ల నాటి పుస్తకం ఫోన్లో ఊరికే వస్తుంది, అదే పుస్తకం మీద పోయినేడాది ఎవరో రాసిన ఇరవై పేజీలకు మాత్రం ముప్పై నలభై డాలర్లు అడుగుతారు. ఇదేటి న్యాయం?

కోరాపుట్ కాఫీ:
మాష్టారూ, మహారాజులు పోయారు కదండీ. అన్నీ ఉచితం అనడం సులువే, ఖర్చు ఎవరిది? మేడమ్ వ్యాసం రాసిన ఆ విగ్రహవ్యావర్తనినే చూడండి. మొదట్లో ఈ కాలపు పండితులకు అది టిబెటన్, చైనీస్ అనువాదాల్లోనే తెలుసు. 1936లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని శాలు మఠంలో సంస్కృత ప్రతి కనిపెట్టారు. మరుసటి ఏడాది ఆయనా చరిత్రకారుడు జయస్వాల్ కలిసి పాట్నాలో, బీహార్ ఒరిస్సా రిసెర్చ్ సొసైటీ జర్నల్లో అచ్చు వేశారు. ఆ పాఠాన్ని జాన్‌స్టన్, కున్స్ట్ అనే పండితులు ఆ అనువాదాలతో పోల్చి సరిచేస్తే, అది బ్రస్సెల్స్ నుంచి వెలువడేసరికి 1951 అయింది. చాలాకాలం అందరూ ఆధారపడింది దాని మీదే. అలాంటి పనికి ఏళ్లు పడుతుంది, ఖర్చవుతుంది. చందాలు లేకపోతే ఎవరు పెడతారు?

వంశధార:
మూలగ్రంథ పరిష్కరణ వేరు, నా వ్యాసం వేరు అన్నయ్యా. పరిష్కరణకు డబ్బు కావాలి, కాదనను. నా వ్యాసానికి అయిన ఖర్చు నా జీతం, నా కళ్లద్దాలు. టైపు చేసింది నేను. సంస్కృతం రోమన్ లిపిలోకి మార్చేటప్పుడు చుక్కలూ గీతలూ సరిచూసింది నేను. పేరు తెలియకుండా చదివి తప్పులు పట్టిన ఇద్దరు పండితులకు రూపాయి ఇవ్వరు. పేజీలు కూర్చడానికీ సర్వర్‌కీ కొంత అవుతుంది, ఒప్పుకుంటాను. రెండు లక్షలా?

ఉచితంగా నడిచేవి లేవా అంటే ఉన్నాయి. గ్రీకు, రోమన్ పుస్తకాల సమీక్షలకు బ్రిన్ మార్ క్లాసికల్ రివ్యూ 1990 నుంచి ఉంది. స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం 1995 నుంచి ఉంది, దానికి యూనివర్సిటీ లైబ్రరీలు నిధి కూడబెట్టి ఇచ్చాయి. మా స్టూడెంట్లు ప్లేటో గురించి మొదట చదివేది అక్కడే.

నన్ను బాధించేది ఇంకొకటి. సైన్సువాళ్లకు ఈ ఫీజు ప్రాజెక్టు డబ్బుల్లోంచి పోతుంది. మనకు ప్రాజెక్టులెక్కడివి? చందా పద్ధతిలో చదివే పేదవాడు బయట నిలబడతాడు, ఫీజు పద్ధతిలో రాసే పేదవాడు నిలబడతాడు. రెండూ అన్యాయమే, కానీ రెండోది నాకు మరీ ఎక్కువ అనిపిస్తుంది. ప్రాచీన గ్రీకు తత్వశాస్త్రం మీద 1955 నుంచి వస్తున్న ఫ్రొనీసిస్ లాంటి జర్నల్‌కు గుణుపురం నుంచి పంపినా వ్యాసం బాగుందా లేదా అనే చూడాలి, జేబు చూడకూడదు. దానికి తోడు బ్రిల్, డి గ్రూయిటర్ అనే ప్రచురణ సంస్థలు 2024లో ఒకటైపోయాయి. అంటే ఫ్రొనీసిస్, అలాంటిదే ఇంకో జర్నల్ అపైరాన్ రెండూ ఒకే గూటికి చేరాయి. ఇక చందా రేటు మీద బేరమాడే లైబ్రరీకి పట్టేముంటుంది?

రాయగడ స్కాలర్:
ఇంత చర్చెందుకు మేడమ్, చందా లేకుండానే వ్యాసాలిచ్చే సైహబ్ సైటులో అందరూ దించుకున్నవాళ్లే. మా గొడవ వేరే. రోజూ మెయిల్, "3,000 కట్టండి, వారంలో అచ్చు". నమ్మదగిన జర్నళ్ల పేర్లుండే యూజీసీ కేర్ లిస్టు 2025లో ఎత్తేశారు, ఇప్పుడు ఏది అసలుదో ఏది దొంగదో మేమే తేల్చుకోవాలట.

గుణుపురం మాష్టారు:
చూశావా తమ్ముడూ, రచయిత దగ్గర డబ్బు తీసుకోవడం మొదలైతే అడుగున తేలేది ఇదే. సైహబ్ మీద పెద్ద ప్రచురణకర్తలు 2020లోనే ఢిల్లీ హైకోర్టుకెళ్లారు, 2025లో కోర్టు దాన్ని మన దేశంలో ఆపేయమంది, దాన్ని నమ్ముకుని పరిశోధన చేయకు. అమ్మా వంశధారా, ఫీజు కట్టకు. రివ్యూ అయ్యాక ఒప్పుకున్న నీ సొంత ప్రతిని, తత్వశాస్త్ర వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదువుకునే ఫిల్‌ఆర్కైవ్ సైటులో పెట్టే వీలుందేమో ఒప్పందంలో చూడు.

వంశధార:
చూశాను మాష్టారూ. అచ్చయిన ఏడాదికి పెట్టుకోవచ్చని ఉంది. వైద్యంలో ఏడాది ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి. నాగార్జునుడు పద్దెనిమిది వందల ఏళ్లు ఆగాడు, ఇంకో ఏడాది ఆగుతాడు. రెండు లక్షలు మాత్రం కట్టను.

కోరాపుట్ కాఫీ:
అందరూ అలాగే పెట్టేస్తే లైబ్రరీలు చందా మానేస్తాయి, జర్నల్ మూతపడుతుంది. అప్పుడు మీ వ్యాసాన్ని రివ్యూ చేయించేదెవరు?

వంశధార:
అలా మూతపడిన తత్వశాస్త్ర జర్నల్ ఒక్కటి చూపించండి, అప్పుడు ఆలోచిస్తాను. మాష్టారూ, అడిగినవాళ్లకు విడిగా పంపడానికి ఒప్పందం అడ్డు చెప్పడం లేదు, మీ మెయిల్ ఐడీ నాకు మెసేజ్ పెట్టండి.