హై-ఎస్టర్ రమ్ము: చెడిందా, వాసనే అంతనా?

పాలమూరు నుంచి ప్రశ్న: జమైకా రమ్ము, కాస్క్ స్ట్రెంత్ (పీపాల నుంచి తీసి నీళ్లు కలపకుండ నింపింది), 60 శాతం ఆల్కహాల్. మూత తీయంగనే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన. చెడ్డట్టా?

జవాబు 1: చెడలే తమ్మీ. అది ఇథైల్ అసిటేట్, ఒక ఎస్టర్ (రమ్ముకు పండ్ల లెక్క ఘాటు వాసనలిచ్చే పదార్థాలు ఎస్టర్లు). 15 ఎం.ఎల్. పోసి 20 నిమిషాలు వదిలెయ్, ముందు అదే ఎగిరిపోతది. వెనక అనాస (ఇథైల్ బ్యూటిరేట్), మాగి పగిలిన బాలానగర్ సీతాఫలం, నిన్నటి ఈతకల్లు పులుపు వస్తయ్. గ్లాసు గదవ కాడ పెట్టి, నోరు కొంచెం తెరిచి పీల్చు. ముక్కు లోపల పెడితే ఘాటుకు మొద్దుబారుతది, ఇగ ఏం తెల్వది.

జవాబు 2: 30 ఎం.ఎల్.కు 10 ఎం.ఎల్. నీళ్లు కలిపితే 45 శాతానికి దిగుతది. ఒక్కసారి కాదు, అర చెంచా చొప్పున నాలుగు సార్లు, ప్రతిసారి రుచి చూస్తూ. మా నల్లగొండ బోరు నీళ్లు మాత్రం వద్దు! నీళ్లు పడ్డంక మసకగా అయితే భయం లేదు.

ప్రశ్న వేసినాయన: 40 డిగ్రీల ఎండల పోసిన, అదేనా తప్పు?

జవాబు 1: సగం అదే. వేడికి ఆల్కహాలే ముందు ముక్కుకెక్కుతది.

జవాబు 3: లేబుల్ మీద డీఓకే అని ఉందా? జమైకాల హ్యాంప్డెన్ డిస్టిలరీ వాళ్ల మార్కు అది, 100 లీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కు 1500–1600 గ్రాముల ఎస్టర్లు. అసలు వేరే రమ్ముల కలపనీకె చేసేది. అంకె పెద్దదైతే రుచి గొప్పదని కాదు.