సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ ఎంచుకుంటే తెలుగు అనువాదానికి అనుమతి ఎవరు ఇవ్వాలి?

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల బోరు నీటిలో ఫ్లోరైడ్ గురించి నలుగురం రాసిన వ్యాసాన్ని ఒక ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) పత్రిక అంగీకరించింది. లైసెన్సు ఫారం శుక్రవారం సాయంత్రంలోగా పంపాలి. ఉన్నవి రెండే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు: సీసీ బై 4.0 (మన పేరు చెబితే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు), సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ 4.0 (పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చినదాన్ని పంచకూడదు). ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేము.

నేను మొదటిదే అంటున్నాను. నీళ్ల నమూనాలు ఇచ్చిన ఊళ్లకు ఫలితాలను తెలుగులో చిన్న పుస్తకంగా వేసి ఇస్తామని మాటిచ్చాము. మా గైడు సార్ ససేమిరా అంటున్నారు. ఆయన పాత వ్యాసంలోని పటాలను ఎవరో పోటీ పరీక్షల పుస్తకంలో పెట్టి అమ్ముకున్నారట. (సీసీ బై అయితే మన పేరు చెప్పి దర్జాగా అమ్ముకోవచ్చు కాబట్టి ఆ భయం ఉత్తది కాదు.)

రెండోదానిలో అనువాదం కూడా మార్పు కిందే లెక్క; అనుమతి లేకుండా పంచకూడదు. హక్కుదారులం మేమే కదా అనుకున్నాను. కానీ ఫారం 2వ నిబంధన కాపీరైట్ రచయితలదే అంటుంది, 5వది ప్రచురణ హక్కు పూర్తిగా ప్రచురణకర్తకే అంటుంది! లైసెన్సు పాఠమంతా రెండుసార్లు చదివాను. అందులో పాఠకుల హక్కులే ఉన్నాయి, మా ఒప్పందం ఊసు లేదు. పత్రికకు పంపిన రెండు మెయిళ్లకూ యాంత్రిక జవాబే వచ్చింది. మా లైబ్రరీలో శోధ్‌గంగలో (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) థీసిస్ పెట్టడం వరకే తెలుసన్నారు.

ఇలాంటి ఫారంపై సంతకం చేసినవారు చెప్పండి: తర్వాత మీ వ్యాసం అనువాదాన్ని మీరే అచ్చు వేయగలిగారా, లేక ప్రచురణకర్త నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవలసి వచ్చిందా?