చెలకలో గుంటనక్క పిల్లలు పెట్టింది, జేసీబీని ఆపాలా?

చెలక రైతు, వర్ధన్నపేట దగ్గర

మాకు రెండెకరాల పది గుంటల చెలక ఉంది. మా బాపుకు మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచి ఆరేండ్లుగా పడావే. నిండా రేగుకంపలు, తంగేడు. ఈసారి పత్తి పెడదామని జేసీబీ మాట్లాడి అడ్వాన్స్ కూడా ఇచ్చాను. వచ్చే సోమవారం వస్తుంది.

ఉగాది దాటాక హద్దురాళ్లు చూద్దామని పోతే, నడుమ ఉన్న మొరం తిప్ప మీద నాలుగు బొక్కలు కనబడ్డాయి. ఒకదాని ముందు కొత్తగా తోడిన మట్టి, పక్కన ఎండ్రకాయ డొప్ప. ఎండిన మలంలో రేగు గింజలు, పురుగుల రెక్కలు. సాయంత్రం బండి దూరంగా ఆపి వేపచెట్టు కింద కూర్చున్నాను. చీకటి పడే వేళకు మూడు పిల్లలు బయటికొచ్చాయి. వాటికి ముఖం కంటే చెవులే ముందు కనబడతాయి. తల్లి పిల్లి కంటే కాస్త పెద్దది, బూడిద రంగు, తోక కొస మాత్రం నల్లగా సిరాలో ముంచినట్టుంది. నన్ను చూసి కూడా పారిపోలేదు. నాకూ పిల్లలకూ అడ్డంగా వచ్చి నిలబడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొగ పెడితే అవే పోతాయని ఒకాయన అంటాడు. నక్క కొమ్ము దొరికితే కలిసొస్తుందని ఇంకొకాయన. మేకపిల్లల్ని ఎత్తుకపోతుందేమోనని మా బాపుకు టెన్షన్. ఎన్ని రోజులు ఆగాలి?

అటవీ శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి, ములుగు

తమ్మీ, నల్ల తోక కొస అన్నావు కాబట్టి అది గుంటనక్కే. రాత్రి గుంపుగా ఊళ వేసేది మామూలు నక్క, దానికి ఇది సగం కూడా ఉండదు. రెండు మూడు కిలోలు, మహా అయితే నాలుగు. మన ఉపఖండంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని జాతి.

పొగ మాట మరిచిపో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా చంపినా నేరం. కొమ్ము సంగతంటావా, నక్కకు కొమ్మే ఉండదు. ఆ అబద్ధానికి ఎన్ని నక్కలు ప్రాణాలు పోగొట్టుకున్నాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

పిల్లలు నాలుగైదు నెలలకు గానీ తల్లిదండ్రులను వదిలిపోవు. అందుకని తిప్పను, దాని చుట్టూ పది గుంటలను అట్లే వదిలి, మిగతాది దున్నుకో. ఈ ఒక్క ఏడు కాదు, ఎప్పటికీ వదిలితే ఇంకా మంచిది, పాత బొరియలకే మళ్లీ వస్తాయి. రోజూ పోయి చూడకు. మనిషి అలికిడి ఎక్కువైతే తల్లి పిల్లల్ని నోట కరుచుకుని వేరే చోటికి మారుస్తుంది, ఆ దారిలోనే కుక్కలకు దొరుకుతాయి.

గొర్లు కాసే ఇంటి బిడ్డ, హుస్నాబాద్

అన్నా, మీ బాపుకు నా మాటగా చెప్పండి. మా మందలో పిల్లలు పోయింది ఊరకుక్కల వల్లే. గుంటనక్క ఎలుకలు, మిడతలు, చెదపురుగులు ఏరుకు తింటుంది, పత్తి చేనుకు మంచిదే కదా. మా దిక్కు పడావు భూములన్నీ ప్లాట్లయ్యాయి. గడ్డి భూమిని అందరూ బంజరనే అంటారు, అందులో కాపురముండే వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను చిన్నప్పుడు చూసిన బొరియల మీద ఇప్పుడు హద్దురాళ్లున్నాయి.

పశువైద్య సహాయకుడు, హనుమకొండ

కుక్కల గురించి ఒక మాట. అవి కరవడమే కాదు, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కూడా అంటిస్తాయి. మహారాష్ట్రలో నన్నజ్ గడ్డి మైదానాల దగ్గర గుంటనక్కల మీద పరిశోధనలు జరిగాయి. ఊరకుక్కలకూ వాటికీ ఈ వైరస్ తగిలిన ఆనవాళ్లు అక్కడ దొరికాయి. మీ ఇంటి కుక్కకు రేబిస్‌తో పాటు డిస్టెంపర్ టీకా కూడా వేయించండి, రాత్రి కట్టేయండి. చేనులో ఎలుకల మందు పెట్టొద్దు. మందు తిన్న ఎలుకను ఇది తింటే దీనికీ ప్రమాదమే. అడవిపందుల కోసం గెట్టున కరెంటు తీగ లాగే ఆలోచన ఉంటే అది కూడా మానండి, మనుషులే పోతున్నారు.

చెలక రైతు

అందరికీ దండాలు. జేసీబీ ఆయనకు ఫోన్ చేశాను, తిప్ప వదిలి రెండు దిక్కులే చదును చేస్తానన్నాడు, ఆ పని కూడా మృగశిర దగ్గరపడ్డాకే. బాపు మొదట గొణిగాడు. నిన్న సాయంత్రం ఆయన్ని బండి మీద తీసుకెళ్లి వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. అరగంట మాట్లాడలేదు. లేచేటప్పుడు, "మీ తాత ఉన్నప్పుడు గూడ ఈ తిప్ప మీద ఉండేటియిరా" అన్నాడు. పది గుంటలకు నాలుగు దిక్కులా రాళ్లు పాతడానికి పొద్దున తనే గడ్డపార తీశాడు. తల్లి బెదురుతుందని వర్షాలదాకా ఆగుదామన్నాను.